అన్ని ఫ్యాన్లూ మూడొందలే: ఒంగోలు సేవా దుకాణంలో పాత సీలింగ్ ఫ్యాన్ల ధర ఎలా మార్చాం

ఒంగోలులో ఒక సేవా సంస్థ నడిపే పాత సామాన్ల దుకాణం ఇది. ఇళ్లు మారేవాళ్లు, పాతిల్లు పడగొట్టేవాళ్లు, పిల్లల దగ్గరికి వెళ్లిపోయే పెద్దవాళ్లు అక్కర్లేని మంచాలు, బీరువాలు, మిక్సీలు, ఫ్యాన్లు ఇక్కడ ఇచ్చిపోతారు. అమ్మగా వచ్చిన డబ్బుతో మంచాన పడ్డ ముసలివాళ్లకు ఇంటికే మందులు, గాలి పరుపులు పంపిస్తారు. నేను మోటారు వైండింగ్ పనివాణ్ణి. ఫ్యాన్ల ధరలు ఒకసారి చూసిపెట్టమని సంస్థవాళ్లు అడిగారు. అడగడానికి కారణం, "వాళ్ల దగ్గర ఫ్యాన్ కొంటే రెండు నెల్లు కూడా తిరగదు" అనే మాట ఊళ్లో పడిపోవడం.

అప్పటి పద్ధతి తేలికైనది. స్విచ్ వేస్తే తిరుగుతుందా? తిరిగితే 300 రూపాయలు. ఏ కంపెనీదైనా, ఎంత పాతదైనా అంతే. దీని వెనక ఉద్దేశం మంచిదే. రేకుల ఇంట్లో ఉండేవాళ్లకు రోహిణి కార్తెలో ఫ్యాన్ అనేది సోకు సామాను కాదు. మే నెలలో ఒంగోలు పడమటి గాలి ఎట్టా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తక్కువ ధర పెడితే పేదవాళ్లకు అందుతుందని అనుకున్నారు.

నేను ముందు ధరల జోలికి పోలేదు. ఎవరు కొంటున్నారో చూస్తూ ఒక మూల కూర్చున్నాను.

పొద్దున షట్టర్ ఎత్తేసరికి సెకండ్ హ్యాండ్ వ్యాపారులు ఇద్దరు ముగ్గురు బయట నిలబడి ఉంటారు. వాళ్లు ఫ్యాన్ రంగు చూడరు, రెక్కలు చూడరు. మోటారును రెండు చేతుల్లోకి తీసుకుని బరువు చూస్తారు. షాఫ్ట్ పట్టుకుని ఒక తిప్పు తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటారు. వైర్లు బయటికి వచ్చే చోట ముక్కు పెట్టి, కాలిన వార్నిష్ వాసన ఉందేమో చూస్తారు. స్క్రూల తలలు నలిగి ఉన్నాయంటే ఎవరో ఇంతకుముందే విప్పారన్నమాట. అట్లాంటివి పక్కన పెట్టేస్తారు. పది నిమిషాల్లో మంచివన్నీ ఆటో ఎక్కేవి. ఒక కండెన్సర్ మార్చి, గుడ్డతో తుడిచి, అదే ఫ్యాన్‌ను బజారులో ఏడొందలకో ఎనిమిదొందలకో అమ్ముకుంటారు. ఇంటి పని ముగించుకుని పదకొండింటికి వచ్చే ఆడవాళ్లకు, సాయంత్రం పని దిగి వచ్చే చీమకుర్తి క్వారీ కూలీలకు మిగిలేవి ఆ వ్యాపారులు వద్దనుకున్నవి.

ఆ వ్యాపారుల మీద నాకేమీ కోపం లేదు. సరుకు ఎరిగి కొనడం వాళ్ల పని. కానీ మంచిదానికీ చెడ్డదానికీ ఒకే ధర పెడితే ఆ తేడా అంతా సరుకు ఎరిగినవాడి జేబులోకి పోతుంది. ఎరగనివాడికి 300 పెట్టినా నష్టమే. దాతలు పేదవాళ్ల కోసం ఇచ్చిన సొమ్ము బజారులో వ్యాపారికి లాభంగా తేలింది. నేను చేసిన పనంతా ఈ ఒక్క విషయం మీదే నడిచింది. పాత ఫ్యాన్‌కు ధర కట్టాల్సింది దాని మొహం చూసి కాదు, దాన్ని పరీక్ష పెట్టి.

రెండు ఫ్యాన్లు

సంస్థవాళ్లకు ఈ సంగతి అర్థమయ్యేటట్టు చెప్పడానికి రెండు ఫ్యాన్లు తీసుకుని వాళ్ల ఎదుటే నడిపి చూపించాను.

మొదటిది లాయరుపేటలో పడగొట్టిన ఒక పాతింటిది. మీగడ రంగు. దాని మీద ఇంకో రంగు, ఆపైన గోడకు వేసిన సున్నం చుక్కలు. కంపెనీ పేరు కూడా కనపడదు. రెక్కల అంచున నల్లటి జిడ్డు గోటితో గీస్తే ముద్దగా లేస్తుంది. రెండోది ముదురు గోధుమ రంగు, రెక్కల మీద బంగారు గీతలు, రాడ్ కప్పు మీద ఇంకా ప్లాస్టిక్ కాగితం. దుకాణంలో రెండింటి ధరా 300. వచ్చినవాళ్లలో ఎవరిని అడిగినా రెండోదే చూపిస్తారు.

స్విచ్ వేస్తే రెండూ తిరిగాయి. వేగం కొలిచే మీటర్‌తో చూస్తే మీగడ రంగుది నిమిషానికి 310 చుట్లు, గోధుమ రంగుది 290. మామూలు 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఫుల్ స్పీడులో 350కి పైన ఉండాలి. మొదటిదాని కండెన్సర్ విప్పి చూస్తే మీద 2.5 మైక్రోఫారడ్ అని ఉంది, మీటర్‌లో 1.6 వచ్చింది. కండెన్సర్ ఏళ్ల తరబడి సత్తువ తగ్గుతూ వచ్చి, ఫ్యాన్‌ను మెల్లమెల్లగా నీరసం చేస్తుంది. ఇంట్లోవాళ్లు మోటారు పోయిందనుకుని ఫ్యాన్ మార్చేస్తారు. దానంగా వచ్చే ఫ్యాన్లలో నేను ఎక్కువగా చూసే జబ్బు ఇదే. యాభై అరవై రూపాయల కండెన్సర్ వేస్తే అది 370 చుట్లు తిరిగింది, 72 వాట్లు తీసుకుంది. అరగంట తిప్పాక మోటారు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది.

గోధుమ రంగుదానికి కొత్త కండెన్సర్ వేసినా వేగం పెరగలేదు. 96 వాట్లు తీసుకుంది. అరగంటకు చెయ్యి ఆనించలేనంత వేడెక్కింది. మూత విప్పితే లోపల చవక రీవైండింగ్. కాయిల్ కట్టిన దారాలు వదులు, వార్నిష్ సరిగా పట్టలేదు, తీగ సన్నం. ఎక్కడో కాలిపోతే ఎవరో తిప్పడానికి సరిపడా చుట్టి ఇచ్చారు.

ఇప్పుడు కరెంటు లెక్క చూడండి. రెండింటికీ తేడా 24 వాట్లు. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు ఎనిమిదిన్నర యూనిట్లకు పైనే. మన రాష్ట్రంలో ఇంటి కరెంటు 31 నుంచి 75 యూనిట్ల దాకా యూనిట్ 3 రూపాయలు, 76 నుంచి 125 దాకా 4 రూపాయల 50 పైసలు. అంటే నెలకు 26 నుంచి 39 రూపాయలు ఎక్కువ. డిసెంబరు, జనవరి వదిలేసి పది నెలలు వేసుకున్నా ఏడాదికి 260 నుంచి 390. ఆ మెరిసే ఫ్యాన్ ధర 300 అనుకుని తీసుకెళ్లినవాళ్లు ఏడాది తిరిగేలోపు దాని ధర ఇంకోసారి కరెంటు ఆఫీసులో కట్టినట్టే. గాలి కూడా తక్కువే.

ధర కట్టిన తీరు

పాత ఫ్యాన్ ధర కంపెనీ పేరు బట్టి, కొన్న ఏడాది బట్టి కట్టబోతే ఎటూ తేలదు. దానం చేసినవాళ్లకు ఏ ఏడాది కొన్నారో గుర్తుండదు. మేము కొనేవాళ్ల వైపు నుంచి లెక్క వేశాం. ఈ ఫ్యాన్ దొరక్కపోతే వాళ్లేం చేస్తారు? బజారుకెళ్లి గ్యారంటీ ఉన్న వాటిలో అన్నిటికంటే చవకది కొంటారు. మేము లెక్క వేసుకున్ననాడు అది 1,500. పాతదానికి కంపెనీ గ్యారంటీ లేదు, ఆయుష్షు ఎంతో తెలియదు. కాబట్టి ఎంత మంచి పాత ఫ్యాన్ అయినా అందులో సగానికి మించకూడదని గీత గీశాం. 750. ఆ సగంలోంచి, కొనేవాళ్లు ఇంటికెళ్లాక పెట్టాల్సి వచ్చే ఖర్చు తీసేయాలి. రాడ్ లేకపోతే దాని ఖర్చు, బేరింగ్ మోత ఉంటే దాని ఖర్చు. మిగిలిందే ధర. అడుగు గీత పాత ఇనుప సామాన్ల తూకం ధర. లెక్క ఆ గీత దగ్గరికి వచ్చిందంటే దాన్ని ఫ్యాన్‌గా అమ్మకూడదు.

బాగుచేయాలా వద్దా అనేదీ ఈ లెక్కలోనే తేలిపోతుంది. బేరింగులు మార్చాలంటే బయట కొనేవాళ్లకు కూలీతో కలిపి 250 దాకా అవుతుంది, ధరలో అంత తగ్గించాలి. శనివారాలు ఐటీఐ ఎలక్ట్రీషియన్ పిల్లలు వచ్చి చేసిపెడుతుంటే మాకు బేరింగుల ఖర్చు ఒక్కటే. కాబట్టి మార్చి అమ్మడం మేలు. రీవైండింగ్ అట్టా కాదు. ఐదారొందలు పెట్టి చుట్టిస్తే ధరలో ఆ డబ్బు తిరిగి రాదు. కాలిన మోటారును రాగితో సహా తూకానికి ఇచ్చేయడమే. మీగడ రంగు ఫ్యాన్‌కు కండెన్సర్, కొత్త పిన్నులు మేమే వేసి 700 పెట్టాం. గోధుమ రంగుదాన్ని ఇంటికి అమ్మనివ్వలేదు. మామూలు సైజు ఫ్యాన్ 90 వాట్లు దాటితే అది ఎంత అందంగా ఉన్నా రెక్కలు, కప్పులు, రాడ్ విడిభాగాలుగా పోవాల్సిందే. ఈ ఒక్క విషయంలో సంస్థవాళ్లతో గట్టిగా వాదించాల్సి వచ్చింది. "తిరిగే ఫ్యాన్‌ను తూకానికి ఇస్తే దాత ఏమనుకుంటారు?" అన్నారు. వేడెక్కే మోటారును నిద్రపోయే పిల్లల నెత్తిన వేలాడదీయమని ఏ దాతా అడగరు.

1400 మిల్లీమీటర్ల ఫ్యాన్లు కల్యాణ మండపాల నుంచి వస్తుంటాయి. చిన్న ఇళ్లకు పనికిరావు. గుళ్లకీ చర్చిలకీ పోతాయి, వాటికి ఇదే లెక్క.

వేలాడే భాగాలు

ఇక్కడ ధర మాట పక్కన పెట్టాలి. కొత్తపట్నం, సింగరాయకొండ వైపు నుంచి వచ్చే ఫ్యాన్లకు ఉప్పుగాలి పట్టి ఉంటుంది. అల్యూమినియం రెక్క బాగానే ఉంటుంది. రెక్కను మోటారుకు బిగించే ఇనుప పట్టీ, రాడ్ మరలు, కప్పు లోపలి అంచు తుప్పు పట్టి ఉంటాయి. పైకి రంగు బాగుంటుంది, స్క్రూడ్రైవర్ కొనతో గుచ్చితే పెచ్చు లేస్తుంది. అట్లాంటి రాడ్‌ను మేము ఏ ధరకూ అమ్మం, ఊరికే కూడా ఇవ్వం. రాడ్ బోల్టు, దానికి అడ్డం వేసే స్ప్లిట్ పిన్ను, హుక్కు దగ్గర రబ్బరు బుష్ ప్రతి ఫ్యాన్‌కూ కొత్తవే. ఫ్యాన్ అదరడం వల్ల బోల్టు నట్టు వదులైతే ఆఖరికి ఆపేది ఆ పిన్నే. నాలుగైదు కిలోల ఇనుము మనిషి మీద పడకుండా ఆపేది రెండు రూపాయల పిన్ను. అది లేకుండా, ఇనుప మేకు ఒకటి వంచి పెట్టి వచ్చిన ఫ్యాన్లను నేను ఎన్నో చూశాను.

షాక్ కొట్టే ఫ్యాన్లూ అంతే. సిరీస్ బల్బు బోర్డు (కరెంటు దారిలో ఒక బల్బు కలిపిన పరీక్ష బోర్డు) మీద ఒక వైరు ఫ్యాన్ మోటారు ఒంటికి తగిలించి చూస్తే బల్బు కాస్త ఎర్రబారినా దాన్ని పక్కన పడేస్తాం. వెలగనివాటిని మెగ్గర్‌తో (కరెంటు ఒంట్లోకి కారుతుందేమో కొలిచే మీటర్) కూడా చూసి, 2 మెగాఓంల లోపు వస్తే ఆపేస్తాం. వానాకాలంలో తడిసిన గోదాములో ఉంచినవి రెండు రోజులు ఎండలో పెట్టాక మళ్లీ చూడాలి, కొన్ని బాగుపడతాయి.

రెక్కల సంగతి ఒకటి దాతలకు చెప్పాలి. మూడు రెక్కలూ ఒకే జతవి కావాలి. హాస్టళ్లు ఫ్యాన్లు మార్చినప్పుడు మోటార్లన్నీ ఒక చోట, రెక్కలన్నీ గోతాల్లో వేసి పంపిస్తారు. ఏ రెక్క ఏ మోటారుదో తెలియదు. బరువు తేడా కొద్దిగా ఉన్నా ఫ్యాన్ ఊగుతుంది. రేకుల ఇంట్లో ఇనుప పైపుకు కట్టిన ఫ్యాన్ ఊగితే పైపు కూడా ఊగుతుంది. విప్పేటప్పుడే మూడు రెక్కలూ కలిపి తాడుతో కట్టి, మోటారు మీదా రెక్కల మీదా సుద్దతో ఒకే నంబరు రాయమని ఇప్పుడు ముందే ఫోన్ చేసి చెబుతున్నాం.

కౌంటర్ దగ్గర

ధర రెండింతలు దాటేసరికి గొడవ వస్తుందని దుకాణం చూసే ఆయన భయపడ్డాడు. మొదటి వారంలోనే ఒకామె నిలదీసింది.

"ఏందన్నా, పాతదానికి ఏడొందలా? పోయినేడు మా ఆడబిడ్డ మీ కాడే మూడొందలకి కొనింది."

"ఆ ఫ్యాను ఇప్పుడు తిరగతా ఉందామ్మా?"

"యాడ తిరిగింది. రెండు నెల్లకే ఆగిపోతే వైండింగుకి ఐదొందలు పెట్టింది."

ఆయన ఇంకేమీ అనలేదు. ఫ్యాన్‌కు కట్టిన అట్టముక్క ఆమె చేతికి ఇచ్చాడు. దాని మీద పరీక్ష చేసిన తేదీ, చుట్లు, వాట్లు, కొత్తగా వేసిన భాగాలు, "నెల లోపు ఆగిపోతే తెచ్చి ఇవ్వండి, డబ్బు తిరిగి ఇస్తాం" అన్న మాట తెలుగులో పెద్దక్షరాలతో ఉన్నాయి. ఆమె పక్కన ఉన్న కొడుకుతో చదివించుకుంది. తర్వాత బేరం మొదలుపెట్టింది, ఆరొందల యాభైకి తీసుకెళ్లింది.

బేరం గురించి నా అభిప్రాయం చెప్పాలి. "ఇచ్చట బేరము లేదు" అని బోర్డు పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు. మన వైపు బేరం ఆడకుండా కొన్న వస్తువు మీద మనిషికి నమ్మకం కుదరదు. కౌంటర్‌లో ఉన్నవాళ్లకు 50 రూపాయల దాకా తగ్గించే అధికారం ఇచ్చాం, అంతకు మించి ఎవరికీ లేదు, చుట్టమైనా సరే.

అది కూడా ఇచ్చుకోలేనివాళ్లు ఉంటారు. వాళ్ల కోసం ధర తగ్గించొద్దని పట్టుబట్టాను. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు తిరిగే నర్సులకు సంస్థ చీటీలు ఇచ్చింది. ఏ ఇంట్లో ఫ్యాన్ లేదో, ఏ ముసలాయనకు గాలి ఆడక వీపు పుండ్లు పడుతున్నాయో వాళ్లకే తెలుసు. చీటీ తెచ్చినవాళ్లకు ఫ్యాన్ ఊరికే ఇస్తారు, బిగించి కూడా వస్తారు. ఆ 700 సేవ ఖాతాలో ఖర్చుగా రాస్తారు. ఇట్టా రాస్తే సంస్థ ఎంత ఇచ్చిందో కాగితం మీద కనపడుతుంది. ధరలో కలిపి తగ్గిస్తే ఎవరికి ఎంత పోయిందో ఎవరికీ తెలియదు. రేషన్ కార్డు చూపిస్తేనే తక్కువకు ఇవ్వాలన్న ఆలోచన కూడా వచ్చింది కానీ, పది మందిలో సంచిలోంచి కార్డు తీసి పేదరికం రుజువు చేసుకోమనడం నాకు నచ్చలేదు.

వ్యాపారులను ఆపడానికి ప్రత్యేకంగా ఏ నిబంధనా పెట్టలేదు. కొనడానికి వచ్చిన ప్రతివాళ్లనూ "ఏ గదికి? పైకప్పు ఎంత ఎత్తు? స్లాబా, రేకులా?" అని అడుగుతాం. రాడ్ పొడవు తేల్చడానికి అది అవసరం. రెక్క నేలకు కనీసం ఏడున్నర, ఎనిమిది అడుగుల ఎత్తున ఉండాలి కాబట్టి తక్కువ ఎత్తు ఇళ్లకు రాడ్ కోసి మరలు వేయించి ఇస్తాం. ఇంటికి కొనేవాళ్లు చేత్తో ఎత్తు చూపించి మరీ చెబుతారు. వ్యాపారి దగ్గర ఈ ప్రశ్నకు జవాబు ఉండదు, అయినా అమ్ముతాం. 700కి కొని అమ్ముకుంటే అతనికి మిగిలేది పెద్దగా ఉండదు గనక మెల్లగా మంచి ఫ్యాన్ల కోసం రావడం తగ్గించారు. ఇప్పుడు అదే మనుషులు కాలిన మోటార్లు, విడిభాగాలు తూకానికి కొంటున్నారు. వాళ్లకూ పని ఉంది, దుకాణానికీ డబ్బు వస్తోంది.

ఎండాకాలంలో ధర పెంచుదామా అన్న ప్రశ్న కూడా వచ్చింది. బజారులో పెరుగుతుంది. మేము పెంచలేదు. కార్తీకం నుంచి మాఘం దాకా వచ్చిన మంచి ఫ్యాన్లను అమ్మకానికి పెట్టకుండా, పరీక్ష చేసి, నూనె గుడ్డతో తుడిచి గోదాములో ఉంచి, ఉగాది ముందు నుంచి బయటికి తీస్తున్నాం. చలికాలంలో ఫ్యాన్ కొనేది నిలవ పెట్టుకోగలిగినవాళ్లే, మేలో అడిగేది ఆ రోజు కూలీ డబ్బులు చేతికి వచ్చినవాళ్లు. ఈ పద్ధతికి చోటు కావాలి. చోటు లేని దుకాణాలకు నేను దీన్ని చెప్పను.

కష్టం ఒకటి మిగిలింది. ఒక్కో ఫ్యాన్‌కు అరగంట తిప్పాలి, ఒకేసారి నాలుగు తిప్పే చట్రం చేయించినా శనివారం పిల్లలు రాకపోతే పని ఆగుతుంది. పరీక్ష కాని ఫ్యాన్‌ను తొందరపడి అమ్మకానికి పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. అరలో నాలుగే ఫ్యాన్లు ఉన్నా పర్లేదు.

ఇప్పుడు కొత్తగా బీఎల్‌డీసీ ఫ్యాన్లు (లోపల ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే, తక్కువ కరెంటు తీసుకునే రకం) కూడా దానంగా రావడం మొదలైంది. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయ్యాక ఇవి ఇళ్లల్లో బాగా పెరిగాయి. 30 వాట్ల దగ్గర తిరుగుతాయి, మామూలుదానికంటే రోజుకు 12 గంటల మీద నెలకు 15 యూనిట్ల దాకా మిగులుతుంది. ఆ లెక్కన ధర ఎక్కువ పెట్టొచ్చని అనిపిస్తుంది. కానీ వీటిలో పోయేది వైండింగ్ కాదు, లోపలి బోర్డు. ఒంగోలులో మామూలు వైండింగ్ షాపువాడు ఆ బోర్డును ముట్టుకోడు. బోర్డు పోతే ఫ్యాన్ మొత్తం పోయినట్టే. పైగా 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు అందే ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఆ మిగులు చేతికి రాదు, ఎక్కువ ధర పెట్టి కొన్నందుకు వాళ్లకు ఒరిగేదేమీ లేదు. అందుకే వీటికీ అదే 750 గీత ఉంచాం. రిమోట్ లేకపోతే తగ్గిస్తాం, రిమోట్ లేకుండా స్విచ్‌తోనే స్పీడు మారే రకమైతే తగ్గించం. పాత రెగ్యులేటర్ తీసేసి నేరుగా స్విచ్‌కు కలపాలని అట్టముక్క మీద ఎర్ర సిరాతో రాస్తున్నాం, ఎందుకంటే రెగ్యులేటర్‌కు కలిపితే ఆ బోర్డు దెబ్బతింటుంది, అప్పుడు నెల లోపు తెచ్చినా అది ఎవరి తప్పో తేల్చడం కష్టం. ఇన్వర్టర్ ఉన్న టైలర్ షాపులవాళ్లు, ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పేవాళ్లు వీటిని వెతుక్కుంటూ వస్తున్నారు.